మాంటిస్సోరి తొలి శిష్యులు

తెలుగునాట చిన్నపిల్లల బడుల పేరుపలకల మీద మాంటిస్సోరి అనే మాట చాలాకాలంగా కనిపిస్తూనే ఉంది. అది ఇటలీ దేశపు స్త్రీ ఒకరి ఇంటిపేరని చాలామందికి తెలుసు. ఆమె వృత్తిరీత్యా వైద్యురాలని కొందరికి తెలుసు. ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలకే ప్రత్యేకమన్నట్లు నేడు చెలామణి అవుతున్న ఆమె బోధన పద్ధతి, మొట్టమొదట ఏ బడీ చేర్చుకోని పిల్లల నడుమ రూపుదిద్దుకొన్నదన్న సంగతి మాత్రం తెలిసినవారు అరుదు.

ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగే దారికి ఇరువైపులా అడవి అంచు పల్లెలున్నాయి. అన్ని ఊళ్లలో ఉన్నట్లే అక్కడా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్లలు, కావలసినదాన్ని వేలు చూపి అడగని పిల్లలు, తోటివారితో ఆటకు పోక ఒక పుల్లనో గిన్నెనో గంటల తరబడి తిప్పుతూ కూర్చొనే పిల్లలు ఉంటారు. ఇటువంటి లక్షణాలు పసితనం నుండి కలసికట్టుగా కనిపించే స్థితికి వైద్యులు ఆటిజం అని పేరు పెట్టారు. లోకం మాత్రం అటువంటి బిడ్డను మొద్దు అంటుంది, గాలి సోకిందంటుంది, లేదా తల్లిని తప్పు పడుతుంది. ఆ బిడ్డకు చదువు చెప్పడం సాధ్యమేనా అన్న ప్రశ్న ఐరోపాలో రెండు వందల ఏళ్ల కిందటే తలెత్తింది. సాధ్యమేనని నమ్మి, అందుకు తగిన సాధనాలను తయారుచేసిన వారి పరంపరలో మరియా మాంటిస్సోరి ముఖ్యురాలు.

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీ తూర్పు తీరంలో, అంకోనా పట్టణానికి సమీపంలోని కియరవల్లె అనే ఊరిలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. సంప్రదాయాన్ని దాటడానికి ఇష్టపడని మనిషి. తల్లి రెనిల్దె చదువరి. కూతురు ఎంత దూరం చదివితే అంత దూరం వెన్నంటి నిలిచింది. 1875లో ఆ కుటుంబం రోము నగరానికి మారింది. ఆ కాలంలో చదువుకొన్న ఆడపిల్లకు ఉపాధ్యాయవృత్తి ఒక్కటే తగినదని పెద్దల అభిప్రాయం. విచిత్రమేమంటే, తరువాతి కాలంలో ప్రపంచానికే ఉపాధ్యాయురాలైన ఆమెకు అప్పట్లో ఆ వృత్తిపై ఆసక్తి లేదు. ఇంజనీరు కావాలని పదమూడవ యేట సాంకేతిక పాఠశాలలో చేరింది. ఆ తరువాత మనసు వైద్యం మీదికి మళ్లింది.

రోము విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడం ఆమెకు సులభం కాలేదు. మగ విద్యార్థులతో కలిసి శవచ్ఛేదనం చేయడం స్త్రీకి తగదన్న నియమం వల్ల, అందరూ వెళ్లిపోయిన తరువాత ఆ గదిలో ఒంటరిగా ఆ పని చేయవలసి వచ్చేది. 1896లో ఆమె వైద్య పట్టం పుచ్చుకొంది. ఇటలీలో తొలి వైద్యురాలు ఆమెయే అని కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది గాని అది నిజం కాదు. ఆమెకు ముందే బహు కొద్దిమంది స్త్రీలు ఆ పట్టం పొందారు. లేని గొప్పను ఆపాదించవలసిన అవసరం ఆమె విషయంలో లేదు.

పట్టం వచ్చిన వెంటనే ఆమె విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక చికిత్సాలయంలో సహాయకురాలిగా చేరింది. చికిత్సకు తగిన రోగులను ఎంచుకోవడానికి నగరంలోని పిచ్చాసుపత్రులకు వెళ్లివచ్చేది. అక్కడ పెద్దలైన రోగులతోపాటు పిల్లలు కూడా ఉండేవారు. మాట రానివారు, మాట వినిపించుకోనివారు, బుద్ధి వికసించనివారు అని బడులు తిప్పిపంపిన పిల్లలందరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేసేవారు. అటువంటి ఒక గది గురించి ఆమె జీవితచరిత్రలన్నీ ఒక సంగతి చెబుతాయి. భోజనం ముగియగానే పిల్లలు నేలమీద పడి రొట్టె తునకల కోసం వెదకుతారని, అది వాళ్ల తిండియావ అని అక్కడి కాపలా స్త్రీ అసహ్యించుకొంటూ చెప్పింది. మరియా గదిని కలయజూసింది. అందులో నాలుగు గోడలు తప్ప మరేమీ లేవు. పట్టుకోవడానికి, తిప్పి చూడడానికి, నలపడానికి ఆ పిల్లలకు దొరికేవి ఆ రొట్టె తునకలు మాత్రమే. వారిది కడుపు ఆకలి కాదని, చేతుల ఆకలి అని ఆమెకు తోచింది. కాపలామనిషి చూసినదీ మరియా చూసినదీ ఒకే దృశ్యం. ఆ దృశ్యంలో ఒకరికి దోషం కనిపించింది, మరొకరికి బోధనకు దారి కనిపించింది.

ఆ దారిలో తనకంటె ముందు నడిచినవారెవరో తెలుసుకోవాలని ఆమె గ్రంథాలయాలను గాలించింది. అప్పటికి లోకం దాదాపు మరచిపోయిన ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పుస్తకాలు దొరికాయి. వారిలో మొదటివాడు ఝాన్ ఇటార్. ఇతని కథ అడవితో ముడిపడినది. 1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆవేరాన్ ప్రాంతంలో సుమారు 12 ఏళ్ల బాలుడొకడు అడవినుండి బయటికి వచ్చి జనానికి చిక్కాడు. ఒంటిమీద బట్ట లేదు, నోట మాట లేదు. ఎవరి బిడ్డో, అడవిలో ఎన్నేళ్లు బ్రతికాడో ఎవరికీ తెలియదు. అతణ్ణి పారిస్ నగరంలోని బధిరుల పాఠశాలకు తరలించారు. ఆనాటి మానసిక వైద్యులలో అగ్రగణ్యుడైన పినెల్ అతణ్ణి పరీక్షించి, ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధిలోపమని, బాగుపడే ఆశ లేదని తేల్చాడు. అప్పటికి ఇటార్ పాతికేళ్ల యువకుడు. పెద్దవైద్యుని తీర్పును తలకెత్తుకోలేదు. విక్టర్ అని పేరు పెట్టి ఆ బాలుడికి సుమారు ఐదేళ్లపాటు చదువు చెప్పాడు.

ఇటార్ గొప్పతనం ముందుగా గమనించడంలో ఉంది. తుపాకి పేల్చినా ఉలకని విక్టర్, వెనుక ఎక్కడో అక్రోటుకాయ పగిలిన చప్పుడుకు చటుక్కున తిరిగి చూసేవాడు. అంటే చెవి పనిచేస్తున్నది. కాని తనకు పట్టిన ధ్వనిని మాత్రమే అది అందుకొంటున్నది. కనుక మాటలు కుమ్మరించడం దండుగ అని ఇటార్ గ్రహించాడు. వేడి చల్లదనాల తేడాతో మొదలుపెట్టి స్పర్శను, ఆ తరువాత చూపును, వినికిడిని ఒక్కొక్కటిగా మేల్కొలిపాడు. వస్తువుకూ దాని బొమ్మకూ, బొమ్మకూ దాని పేరు అక్షరాలకూ జత కుదర్చడం నేర్పాడు. విక్టర్ కొన్ని రాతమాటలను గుర్తించి ఆయా వస్తువులను తెచ్చి ఇచ్చేవాడు. అతనికి వండిపెట్టి కన్నతల్లివలె సాకిన గెరాన్ అనే ఇల్లాలిపై మమకారం పెంచుకొన్నాడు. మాట మాత్రం రాలేదు. పాలను సూచించే ఫ్రెంచి పదం వంటి ఒకటి రెండు శబ్దాలకు మించి అతని నోట పలకలేదు. తాను ఓడిపోయానని భావించి ఇటార్ ఆ ప్రయత్నం విరమించుకొన్నాడు. విక్టర్ ఆ ఇల్లాలి సంరక్షణలోనే ఉండి 1828లో మరణించాడు. అతనిది ఆటిజం అయి ఉండవచ్చునని, అందువల్లనే కన్నవారు అడవిలో వదిలి ఉంటారని ఇటీవలి పండితులు కొందరు వాదించారు. దిక్కులేక పెరగడమే ఆ స్థితికి కారణమని ఇతరులు అన్నారు.

రెండవవాడు ఎదువార్ సెగాన్. ఇటార్ శిష్యుడు. గురువు ఒక బాలుడితో ఆపిన పనిని ఇతడు పలువురు పిల్లలతో కొనసాగించి, చివరికి అమెరికాకు వలసపోయాడు. సెగాన్ నుండి మాంటిస్సోరి గ్రహించిన వాటిలో మూడు మెట్ల పాఠం ప్రసిద్ధమైనది. బిడ్డ ముందు రెండు రంగుల బిళ్లలు ఉంచి, ఇది ఎరుపు, ఇది నీలం అని పేర్లు మాత్రమే చెప్పడం మొదటి మెట్టు. ఎరుపు చూపమని, నీలం చూపమని అడగడం రెండవ మెట్టు. ఒక బిళ్లను చూపి ఇదేమిటని అడగడం మూడవ మెట్టు. పిల్లవాడు ఎక్కడ తడబడితే అక్కడ ఆగిపోవాలి. తప్పని చెప్పరాదు, కోప్పడరాదు. మరొక రోజు మళ్లీ మొదటి మెట్టునుండి మొదలుపెట్టాలి. మన బడుల్లో మొదటి మెట్టు ఎక్కకముందే మూడవ మెట్టు ప్రశ్న వేసి, జవాబు రాలేదని బెత్తం అందుకొన్న రోజులు పెద్దలందరికీ గుర్తే.

బుద్ధిమాంద్యం ముఖ్యంగా వైద్యుల సమస్య కాదు, ఉపాధ్యాయుల సమస్య అని మాంటిస్సోరి 1898లో టూరిన్ నగరంలో జరిగిన విద్యామహాసభలో ప్రకటించింది. ఆ మాట ఆనాడు సంచలనం కలిగించింది. 1900లో రోములో ఇటువంటి పిల్లలకు బోధించే ఉపాధ్యాయులను తయారుచేయడానికి ఆర్తోఫ్రెనిక్ పాఠశాల అనే సంస్థ ఏర్పడింది. ఆమె, ఆమె సహవైద్యుడు గియుసెప్పె మాంటెసానో దానికి సంచాలకులయ్యారు. పాఠశాలకు అనుబంధంగా పిల్లల తరగతి ఒకటి ఉండేది. పిచ్చాసుపత్రులనుండి తెచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఉదయం 8 గంటలనుండి సాయంత్రం 7 గంటలదాకా ఆమె వారి మధ్యనే గడిపేది. రాత్రి కూర్చొని ఆనాడు చూసినదంతా రాసి, వర్గీకరించి, మరునాటి సాధనాన్ని ఆలోచించేది. ఇటార్, సెగాన్‌ల పుస్తకాలను ఇటాలియన్ భాషలోనికి తన చేతితో తిరిగి రాసుకొన్నది మాత్రం ఈ పని విడిచిపెట్టిన తరువాత. చేతితో రాస్తే ప్రతి మాట బరువూ తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఆ తరగతిలో సుమారు పదకొండేళ్ల బాలిక ఒకతె ఉండేది. వేళ్లలో బలం ఉన్నా సూదితో ఒక్క కుట్టూ వేయలేకపోయేది. ఎన్నిసార్లు చూపినా రాలేదు. మాంటిస్సోరి సూదిని పక్కన పెట్టించి, కాగితపు పట్టీలతో చాప అల్లే పని ఇచ్చింది. ఒక పట్టీ పైకి, మరొకటి కిందికి. భద్రాచలం మన్యంలో వెదురుబద్దలతో బుట్టలు, తడికలు అల్లేవారి వేళ్లను చూసినవారికి ఈ పని ఇట్టే బోధపడుతుంది. అల్లిక చేతికి పట్టుబడిన తరువాత మళ్లీ సూది ఇస్తే, ఆ బాలిక కుట్టగలిగింది. పైకీ కిందికీ పోయే ఆ కదలికే కుట్టులోనూ ఉన్నది గదా! పనిని చేయించే ముందు ఆ పనిలో దాగిన కదలికను వేరుచేసి, మరొక సులభమైన పనిద్వారా చేతికి అలవాటు చేయాలన్న సూత్రం ఆమెకు అక్కడ దొరికింది. అక్షరాల విషయంలోనూ ఇదే జరిగింది. కొయ్యతో అక్షరాలు చేయించి, అచ్చులకు ఒక రంగు, హల్లులకు మరొక రంగు వేయించి, రాసే తీరులోనే వాటిమీద పిల్లల వేలిని నడిపించేది. కలం పట్టకముందే చేతికి అక్షరం తెలిసేది.

ఫలితం రోము నగరాన్ని ఆశ్చర్యపరచింది. ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చి మామూలు బడి పిల్లలతోపాటు పరీక్షకు కూర్చొని ఉత్తీర్ణులయ్యారు. చూసినవారు అద్భుతమని కొనియాడారు. ఆమె మాత్రం ఆ పొగడ్తకు పొంగిపోలేదు. తన పిల్లలను అందరూ మెచ్చుకొంటుంటే, ఆరోగ్యవంతులైన పిల్లలు వీరితో సమానంగా మాత్రమే ఎందుకు నిలిచారు, బడులు వారిని ఎంత అణచివేస్తున్నాయి అని ఆలోచించింది. ఈ ఆలోచనే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆ మలుపు వెనుక మరొక వేదన ఉంది. మాంటెసానోతో ఆమెకు ఏర్పడిన అనుబంధం వల్ల 1898లో మారియో అనే కుమారుడు కలిగాడు. వారికి వివాహం కాలేదు. ఆనాటి సమాజంలో ఈ సంగతి బయటపడితే ఆమె వృత్తి అక్కడితో ముగిసిపోయేది. బిడ్డను పల్లెలోని ఒక కుటుంబానికి అప్పగించి, అప్పుడప్పుడు వెళ్లి చూసివచ్చేది. 1901లో మాంటెసానో మరొకరిని వివాహమాడాడు. ఆమె ఆ పాఠశాలను విడిచిపెట్టింది. ఎవరికీ పట్టని పిల్లలకు పగలంతా తల్లిగా మెలగిన స్త్రీ, తన బిడ్డను తనవాడని చెప్పుకోలేకపోవడం హృదయాన్ని కలచివేసే విషయం. ఇందులో ఆమెను నిందించేవారు, అదే తప్పుకు తండ్రి ఏ మూల్యమూ చెల్లించలేదన్న విషయాన్ని గమనించాలి. మారియో సుమారు పదిహేనేళ్ల వయసులో తల్లిని చేరుకొని, ఆ తరువాత ఆమె కడపటి శ్వాసవరకు ఆమెకు కుడిభుజమై నిలిచాడు.

1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె పర్యవేక్షణలో ఒక శిశుశాల ప్రారంభమైంది. పిల్లల ఇల్లు అని అర్థం వచ్చేటట్లు దానికి కాసా దెయి బంబీని అని పేరు పెట్టారు. తల్లిదండ్రులు కూలికి పోతే, ఇంట ఉండే పసివాళ్లు గోడలు పాడుచేస్తున్నారని ఆ ఇళ్ల యజమానులైన సంస్థవారు ఆమెను ఆశ్రయించారు. దాదాపు యాభైమంది పిల్లలు చేరారు. బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం చేసిన సాధనాలనే ఆమె వీరి ముందు ఉంచింది. అప్పుడు ఒక తేడా బయటపడింది. మునుపటి పిల్లలకు ప్రతి పనిలోనూ గురువు వెన్నుతట్టి, పిలిచి, ప్రోత్సహించవలసి వచ్చేది. ఈ పిల్లలు తమంతట తామే సాధనాన్ని ఎంచుకొని, అదే పనిని మళ్లీ మళ్లీ చేసేవారు. మూడేళ్ల బాలిక ఒకతె కొయ్యదిమ్మెలను వాటి రంధ్రాల్లో అమర్చి, తీసి, మళ్లీ అమర్చి 40 పర్యాయాలకు పైగా ఆ పని చేసింది. చుట్టూ పాటలు పాడించినా తల ఎత్తలేదు. కొయ్య అక్షరాలకు డబ్బు లేకపోవడంతో మాంటిస్సోరి ఉప్పుకాగితం కత్తిరించి అట్టలకు అంటించి అక్షరాలు చేసింది. పేదరికం వల్ల పుట్టిన ఆ మార్పే మేలైంది. గరుకుదనాన్ని తడుముతూ వేలు దారి తప్పకుండా సాగేది. ఆ సంవత్సరం చివరికి ఒక బాలుడు సుద్దముక్కతో పొగగొట్టం బొమ్మ వేసి, ఎవరూ అడగకుండానే దాని పేరు కింద రాశాడు. తాను రాయగలనన్న సంగతి అప్పుడే అతనికి తెలిసి ఆనందంతో కేకలు వేశాడట.

ఆ తరువాతి కీర్తి కథ చాలామంది రాశారు. 1909లో ఆమె గ్రంథం వెలువడింది. 1913లో అమెరికా ఆమెకు నీరాజనాలు పట్టింది. ముస్సోలిని ప్రభుత్వం కొంతకాలం ఆమె బడులకు అండగా నిలిచింది. ఆమె ఆ అండను స్వీకరించింది. పిల్లలను సైనికులుగా తీర్చదలచిన ప్రభుత్వంతో స్వేచ్ఛను బోధించే పద్ధతికి పొత్తు కుదరదన్నది ఆమె ఇంకా ముందే గ్రహించి ఉండవలసింది. 1934లో తెగతెంపులు జరిగి ఆమె ఇటలీ విడిచింది. బార్సిలోనాలో తలదాచుకొంటే, 1936లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. నెదర్లాండ్స్ చేరింది.

భారతదేశానికి ఆమె పేరు అప్పటికే తెలుసు. గుజరాతులో గిజుభాయి బధేకా ఆమె పద్ధతిని మన పల్లె జీవితానికి అనువుగా మలచాడు. 1931లో గాంధీజీ లండనులో ఆమెను కలిశాడు. దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానంపై 1939 నవంబరులో, 69వ యేట, ఆమె కుమారునితో మద్రాసు వచ్చింది. అడయారులో జరిగిన తొలి శిక్షణ తరగతికి దేశం నలుమూలలనుండి సుమారు 300 మంది హాజరయ్యారు. ఆమె ఇటాలియన్‌లో చెప్పేది, మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఆరు నెలల కోసం వచ్చిన ఆమెను ప్రపంచయుద్ధం ఏళ్ల తరబడి ఇక్కడే నిలిపివేసింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే తల్లీకొడుకులు శత్రుదేశ పౌరులయ్యారు. మారియోను అహ్మద్‌నగరులో నిర్బంధించారు. ఆమెను అడయారు ఆవరణ దాటరాదన్నారు. ఆమె 70వ పుట్టినరోజున, 1940 ఆగస్టు 31న, ఆయనను విడుదల చేసి ఆమె వద్దకు పంపారు. ఆ తరువాత కొడైకెనాల్ కొండలలో, అహ్మదాబాదులో, ఇతర నగరాల్లో ఆమె వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

ఆమె అడయారులో బోధిస్తున్న రోజుల్లో భద్రాచలం తాలూకా ఆ మద్రాసు రాష్ట్రంలోనే, తూర్పు గోదావరి ఏజెన్సీలో ఉండేది. గోదావరికి ఈవలి ఒడ్డున పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు నిజాం రాజ్యంలోనివి. 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. 1965లో గాని గోదావరిపై అక్కడ వంతెన రాలేదు. అడయారులో వెలిగిన దీపం వెలుగు మన్యందాకా ప్రసరించడానికి ఆనాడు దారి లేదు. ఆ పద్ధతి మొదట పట్టణాలలో పాదుకొన్నది. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మగారు స్థాపించిన మాంటిస్సోరి పాఠశాల తెలుగునాట పేరెన్నికగన్నది. కాలక్రమేణా ఆ పేరు ఇంగ్లీషు మాధ్యమపు శిశుపాఠశాలలకు అలంకారమైంది. ఎవరి చేతులకోసం ఆ కొయ్య అక్షరాలు పుట్టాయో ఆ పిల్లలకు మాత్రం ఆ బడుల్లో చాలాకాలం చోటు లేకపోయింది.

మాంటిస్సోరి 1946లో ఐరోపాకు వెళ్లి, మరుసటి ఏడు తిరిగివచ్చి, 1949వరకు మన దేశంలో పనిచేసింది. అహ్మదాబాదు ఉపన్యాసాల ఆధారంగా రూపొందిన ఆమె ప్రసిద్ధ గ్రంథం ఆ ఏడు మద్రాసులోనే అచ్చయింది. నోబెల్ శాంతి బహుమతికి మూడు పర్యాయాలు ఆమె పేరు ప్రతిపాదించారు గాని బహుమతి రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నూర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో ఆమె కన్నుమూసింది.

ఆమె కొడైకెనాల్‌లో ఉన్న కాలంలోనే, 1943లో, అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను పరిశీలించి, వారి స్థితిని ఆటిజం అనే మాటతో వర్ణించాడు. ఆమె తొలి తరగతిలోని పిల్లలకు అటువంటి పేర్లేవీ లేవు. అందరినీ ఒకే మాటతో మందబుద్ధులనేవారు. తల్లుల ప్రేమరాహిత్యమే ఆటిజానికి కారణమన్న దారుణమైన అపోహ కానర్ తరువాత రెండు దశాబ్దాలకు పైగా రాజ్యమేలింది. అది తప్పని తేలింది. ఇది మెదడు పెరుగుదలకు సంబంధించిన స్థితి. ఇందులో వంశపారంపర్యపు పాత్ర పెద్దది. దీన్ని మాన్పే మందు లేదు. నేర్పడమొక్కటే దారి.

ఆ నేర్పే పద్ధతుల్లో ప్రవర్తన చికిత్స ఒకటి. 1960వ దశకంనుండి కాలిఫోర్నియాలో ఐవార్ లోవాస్ దీన్ని ఆటిజం గల పిల్లలకు విస్తృతంగా ప్రయోగించాడు. పనిని చిన్న చిన్న ముక్కలుగా విడదీయడం, ఒక్కొక్క ముక్కను నేర్పి వెంటనే మెచ్చుకోలో, ఇష్టమైన తినుబండారమో ఇవ్వడం, ప్రతి ప్రయత్నాన్నీ నమోదు చేయడం దీని ప్రాణం. 1987లో ఆయన ప్రకటించిన పరిశోధనలో వారానికి సుమారు 40 గంటల శిక్షణ ఇచ్చారు. ఈ పద్ధతి తొలినాళ్లలో చెంపదెబ్బలు, విద్యుద్ఘాతాలు కూడా ఉండేవి. వాటిని లోకం న్యాయంగానే గర్హించింది. అల్లిక నేర్పి కుట్టు నేర్పిన మాంటిస్సోరికీ ఈ చికిత్సకూ ముక్కలుగా విడదీయడంలో పోలిక స్పష్టంగా ఉంది. ఒక్క విషయంలో మాత్రం తీవ్రమైన భేదం ఉంది. బహుమానమూ శిక్షా రెండూ పిల్లలకు అనవసరమని ఆమె శాన్ లొరెంజోలో నిర్ణయించుకొంది. పనిలోని ఆనందమే బహుమానమని ఆమె మతం. తమంతట తాము పనికి పూనుకొనే పిల్లలకు అది వర్తిస్తుంది. పక్కనున్న మనిషిని గమనించడమే కష్టమైన బిడ్డకు మొదట్లో ఏదో ఒక ప్రోత్సాహం కావాలన్నది ప్రవర్తన చికిత్సకుల వాదం. తన తొలి తరగతిలో ఆమె స్వయంగా చూసినదీ అదే. నేటి నిపుణులు బిడ్డ ఇష్టపడే ఆటలోనికే పాఠాన్ని చొప్పించి, బొమ్మల పట్టికలతో రోజు క్రమాన్ని చూపి, తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చి, ఈ రెండు మార్గాలకూ నడుమ నడుస్తున్నారు.

మన దేశంలో 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యం గలవారికోసం జాతీయ సంస్థ ఏర్పడి, ఈ రంగంలో ఉపాధ్యాయులను తయారుచేస్తూ వచ్చింది. 1999నాటి చట్టంలో ఆటిజం పేరు మొదట చోటుచేసుకొంది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. మండల కేంద్రాలలో భవిత కేంద్రాలు వచ్చాయి. ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ బోధిస్తారు. కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. కాగితంమీద దారి సుగమంగా ఉంది. అడవి అంచున ఆ దారి వాగులు దాటాలి, కూలి పోగొట్టుకోవాలి, బస్సు కోసం కాచుకోవాలి.

మరొక చిక్కు భాషది. కోయ బిడ్డ ఇంట కోయభాష వింటుంది, బడిలో తెలుగు వింటుంది. తెలుగు రాక మౌనంగా కూర్చొన్న తెలివైన బిడ్డను మందబుద్ధి అనుకోవచ్చు. మరొకవైపు, నిజంగా ఆటిజం ఉన్న బిడ్డ మౌనాన్ని భాష రాని బెరుకుగా భావించి విలువైన పసితనపు ఏళ్లను జారవిడుచుకోవచ్చు. రెండింటినీ వేరుచేయడానికి పరీక్షపత్రం చాలదు, ఇంటి ముంగిట కూర్చొని చూడాలి. బిడ్డ అమ్మ పిలుపుకు తిరుగుతున్నదా? తన భాషలో అక్కతో పోట్లాడుతున్నదా? ఆకాశంలో పిట్టను చూసి పక్కవారికి చూపుతున్నదా? భాష మాత్రమే అడ్డమైన బిడ్డ ఇవన్నీ చేస్తుంది. తుపాకికి ఉలకనివాడు అక్రోటుకాయ చప్పుడుకు తిరిగాడని ఇటార్ కనిపెట్టినది ఇటువంటి చూపుతోనే.

ఆటిజమని తేలిన బిడ్డకు చొక్కా తొడుక్కోవడం నేర్పే తీరు ఒకటి నేడు ప్రత్యేక ఉపాధ్యాయులు తల్లులకు చూపుతారు. చేతులు దూర్చడం, బొత్తాలు పెట్టడం అంతా తల్లే చేసి, చివరి బొత్తాన్ని సగం దూర్చి వదిలేస్తుంది. దాన్ని లాగడం బిడ్డ వంతు. అది వచ్చాక చివరి బొత్తాన్ని పూర్తిగా బిడ్డకే విడిచిపెడుతుంది. తరువాత రెండు బొత్తాలు. ఇలా చివరినుండి మొదటికి నడుస్తూ పోతే, ప్రతిసారీ పని పూర్తయిన తృప్తి బిడ్డదే అవుతుంది. బొత్తాలు, తాళ్లు, గొలుసులు బిగించిన గుడ్డల చట్రాలు మాంటిస్సోరి సాధనాల్లో ఇప్పటికీ ఉన్నాయి. చొక్కా తొడుక్కొనే ముందు ఆ కదలికను వేళ్లకు అలవాటు చేయడానికే ఆమె వాటిని చేయించింది.